ఎదుగూ బొదుగూ లేని పాత్ర: మన కథాసాహిత్యంలో నర్సు

1

మన కథాసాహిత్యం గుమాస్తాకు చేసిన న్యాయం నర్సుకు చెయ్యలేదు. మాట కొంచెం మొరటుగా వినిపించవచ్చు. కాని స్వాతంత్ర్యం తర్వాతి తెలుగు కథను ముందు పెట్టుకుని చూస్తే ఇంతకంటె మెత్తగా చెప్పే వీలు నాకు కనిపించడం లేదు. ఫైళ్ళ మధ్య జుట్టు నెరిసిన గుమాస్తా, ఇంక్రిమెంటు కోసం పై అధికారి గుమ్మం ముందు నిలబడిన గుమాస్తా, ప్రమోషను తనకంటె చిన్నవాడికి దక్కిందని తెలిసి ఆ కోపం పెళ్ళాంమీద చూపించిన గుమాస్తా - వీళ్ళంతా మనకు బాగా తెలిసినవాళ్ళే. బడిపంతులు కూడా తెలిసినవాడే. 'బతకలేక బడిపంతులు' అన్న సామెతే అతని కథ సగం చెప్పేసింది. ఈ పాత్రలకు ఒక కాలం ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు ఉంది, ఆగిపోయిన రోజు ఉంది, ఆగిపోయానని తెలుసుకున్న రోజు ఉంది.

నర్సుకు మన కథల్లో కాలం లేదు. ఆమె ఒక రాత్రి కనిపిస్తుంది. తెల్లచీర, థర్మామీటరు, చిరునవ్వు. తెల్లవారేసరికి రోగి కోలుకుంటాడు, లేదా కన్నుమూస్తాడు. కథ ముగుస్తుంది. రచయిత రోగితోబాటు ఆసుపత్రి గేటు దాటి బయటికి వచ్చేస్తాడు. ఆమె అక్కడే ఉండిపోతుంది.

ఈ 'అక్కడే ఉండిపోవడం' మన సాహిత్యానికి ఎందుకు కనిపించలేదన్నది నా ప్రశ్న. ఇది ఒక వృత్తిమీద సానుభూతితో వేస్తున్న ప్రశ్న మాత్రమే కాదు. శ్రమజీవుల పక్షాన నిలబడతామని ప్రకటించుకున్న రచయితలు లక్షలాదిమంది శ్రామిక స్త్రీలను శ్రామికులుగా కాక దేవతలుగా చూశారంటే, లోపం వస్తువును ఎన్నుకోవడంలోనే కాదు, దృక్పథంలోనే ఉంది.

2

మొదట వాస్తవం ఏమిటో చూద్దాం. ప్రభుత్వాసుపత్రుల్లో నర్సు ఎక్కవలసిన నిచ్చెన చాలాకాలం ఇలా ఉండేది: స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్ 2, ఆపైన గ్రేడ్ 1. చూడడానికి నాలుగు మెట్లు. ఎక్కేవాళ్ళను లెక్కపెడితేగాని ఈ నిచ్చెన స్వరూపం తెలియదు.

కేంద్ర ప్రభుత్వం 1987లో నర్సింగు వృత్తిమీద ఒక ఉన్నతాధికార సంఘాన్ని నియమించింది. ఆ సంఘం వార్డుల్లో మూడు పడకలకొక స్టాఫ్ నర్సు ఉండాలన్నది. 200 పడకలకు 8 మంది వార్డు సూపర్వైజర్లు, ఒక నర్సింగ్ సూపరింటెండెంటు ఉండాలన్నది. సెలవుల కోసం అదనంగా ఉంచే సిబ్బందిని పక్కనపెట్టి లెక్క వేద్దాం. 200 పడకలకు కింద 66 మంది, వారిపైన 8 మంది, ఆపైన ఒక్కరు. ఇది జరుగుతున్నదాని లెక్క కాదు, జరగవలసినదాని లెక్క. ఆదర్శంగా రాసుకున్న కాగితంమీదనే పైమెట్టు ఎనిమిదిమందిలో ఒకరికి. అదే సంఘం తన నివేదికలో ప్రతి నర్సుకూ ఉద్యోగకాలంలో మూడు పదోన్నతులు లభించాలని కూడా సిఫారసు చేసింది. రెండూ మంచి ఉద్దేశంతో చేసిన సిఫారసులే. కాని పోస్టుల అమరిక మారకుండా ఈ రెండూ ఒకచోట ఇమడవు. నా దృష్టిలో ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న వైరుధ్యంలోనే ఒక నవలకు సరిపడా జీవితం ఉంది.

దీనికి నియామకాల పద్ధతి తోడవుతుంది. ఏళ్ళ తరబడి నియామకాలు ఉండవు. తర్వాత ఒక్కసారిగా వేలమందిని తీసుకుంటారు. 2024 జనవరిలో తెలంగాణలో దాదాపు 7 వేలమంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ కుటుంబాల్లో ఆ రోజు వెలిగిన దీపాన్ని ఎవరూ చిన్నచూపు చూడనక్కరలేదు. కాని ఒకే రోజున ఒకే మెట్టుమీద నిలబడ్డ వేలమందికి పై మెట్టుమీద ఎన్ని చోట్లున్నాయన్న ప్రశ్న ఇరవయ్యేళ్ళ తర్వాత వస్తుంది. అప్పటికి ఆ వార్త రాసిన పత్రికలు గాని, దానిమీద కవిత రాసిన కవులు గాని దగ్గర ఉండరు.

వీరికంటె వెనక ఉన్నవారు కాంట్రాక్టు నర్సులు. స్టాఫ్ నర్సుకు గడియారం నెమ్మదిగా తిరుగుతుంది. కాంట్రాక్టు నర్సుకు అది మొదలే కాదు. పదేళ్ళు పనిచేసినా పదకొండో ఏట ఆమె సీనియారిటీ మొదటి రోజు ఎక్కడుందో అక్కడే. ఇక ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలాచోట్ల నిచ్చెనే లేదు. ఒక ఆసుపత్రి వదిలి ఇంకో ఆసుపత్రికి పోతే జీతంలో నాలుగు రాళ్ళు పెరుగుతాయి, అదే ప్రమోషను. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన సంఘం, 50 పడకలు కూడా లేని ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా నర్సుకు నెలకు 20 వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. కనీసం ఇంత ఇవ్వండని దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి చెప్పించుకోవలసి రావడమే ఆ వృత్తి స్థితికి నిదర్శనం.

ఈ ఆగిపోవడానికి ప్రభుత్వ పరిభాషలో పేరు కూడా ఉంది. వేతన నిబంధనల్లో 'స్టాగ్నేషన్ ఇంక్రిమెంటు' అన్న మాట ఉంది. ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్ళు గడిపినవారికి స్కేలు కాస్త ముందుకు జరిపే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము ఉంది. కేంద్ర ఉద్యోగులకు ఆ మెట్లు 10, 20, 30 ఏళ్ళు. మాబోటి బడిపంతుళ్ళకు ఈ అంకెలు ఎక్కాల్లాగా కంఠతా వచ్చు. పోస్టు మారదు, పని మారదు, జీతం కొంచెం జరుగుతుంది. మనిషి ఎదగడం లేదని ఒప్పుకుని, ఆ ఎదగకపోవడానికి ఒక ధర కట్టడమన్నమాట. ఖజానా కాగితానికి దొరికిన ఈ గుర్తింపు కథకుడి కలానికి ఇంకా దొరకలేదు.

3

మన కథలూ సినిమాలూ నర్సును ఎలా చూశాయో చెప్పడానికి 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' చిత్రాన్ని తీసుకుంటాను. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరులో తప్ప సంబంధం లేదు. అశుతోష్ ముఖోపాధ్యాయ రాసిన బెంగాలీ కథ ఆధారంగా అసిత్ సేన్ 1959లో తీసిన 'దీప్ జ్వేలే జాయ్'కి ఇది తెలుగు రూపం. 1969లో అదే కథ హిందీలో 'ఖామోషీ' అయింది. బెంగాలీలో సుచిత్రా సేన్, తెలుగులో సావిత్రి, హిందీలో వహీదా రెహ్మాన్ ఆ నర్సు పాత్రను ధరించారు. నర్సు కథానాయిక అయిన చిత్రాలే అరుదు కనుక దీనికి ఒక ప్రాతినిధ్యం ఉంది.

కథ మానసిక చికిత్సాలయంలో జరుగుతుంది. ప్రేమలో దెబ్బతిని మతి చలించిన రోగికి ప్రేమ అందితే నయమవుతుందని అక్కడి పెద్ద డాక్టరు సిద్ధాంతం. ఆ ప్రేమను నటించే పని నర్సుకు అప్పగిస్తాడు. ఒక రోగి నయమై వెళ్ళిపోతాడు. ఆమె మనసు చెదురుతుంది. రెండో రోగిని కూడా ఆమెకే అప్పగిస్తారు. అతడూ నయమవుతాడు. ఆమె నటించలేదని, నటించలేకపోయిందని చివరికి తేలుతుంది. నయం చేసిన మనిషే అదే ఆసుపత్రిలో రోగిగా మిగులుతుంది.

ఈ కథలో ఉన్న విషాదాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. ఆసుపత్రి ఒక మనిషిని వాడుకుని పారేసిన తీరును ఇంత సూటిగా చెప్పిన చిత్రాలు మనకు ఎక్కువ లేవు. కాని ఆ విషాదానికి రచయిత ఇచ్చిన పేరును గమనించాలి. డాక్టరు చేసినది ప్రయోగం, నర్సు చేసినది ప్రేమ. ప్రయోగం ఫలిస్తే ఆ ఫలితం డాక్టరు ఖాతాలో పడుతుంది, అతని శాస్త్రం ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఆమెకు అది అనుభవంగా కూడా మిగలదు. మొదటి రోగితో నేర్చుకున్నది రెండో రోగి దగ్గర ఆమెకు పనికివచ్చే విద్య కాలేదు, మానని పుండు అయింది. పనిలో తగిలిన దెబ్బను ఆడదాని హృదయానికి తగిలిన దెబ్బగా చూపించడంతో పని కథలోంచి తప్పుకుంది. పని తప్పుకున్నాక పనిలో ఎదుగుదల గురించిన ప్రశ్న ఎక్కడినుంచి వస్తుంది?

సినిమా నుంచి కథకు వచ్చినా మూస మారదు. డాక్టరు మన నవలల్లో నాయకుడు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో సినిమాగా వచ్చినప్పుడు దానికి 'డాక్టర్ చక్రవర్తి' అని డాక్టరు పేరే పెట్టారు. పి.శ్రీదేవి తాను వైద్యురాలు కావడంవల్ల 'కాలాతీత వ్యక్తులు'లో వైద్య విద్యార్థుల ఆశలనూ పిరికితనాన్నీ దగ్గరగా చూపగలిగింది. కుష్ఠువ్యాధి వైద్యుడిగా పనిచేసిన కేశవరెడ్డి తెలుగు నవలకు కొత్త చూపునిచ్చాడు. ఆసుపత్రినుంచి సాహిత్యంలోకి వచ్చిన ఈ దారిన డాక్టర్లు నడిచారు, నర్సులు నడవలేదు. డాక్టరుకు స్టెతస్కోపుతోబాటు కలం పట్టే తీరిక ఉండడం, నర్సుకు లేకపోవడం కాకతాళీయం కాదు. సమాజం ఆలోచనను ఒకరికి, చేతిపనిని మరొకరికి పంచిపెట్టిన శ్రమవిభజన సాహిత్యంలో కూడా యథాతథంగా అమలయింది.

4

ఈ శ్రమవిభజన వెనక మన దేశానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. 'మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందే' అని సామెత. మలమూత్రాలు, రక్తం, చీము - వీటిని ముట్టుకునే పనిని కులసమాజం ఎవరికి అప్పగించిందో మనకు తెలియనిది కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వంటి మిషనరీ వైద్యులు ఆసుపత్రులు స్థాపించినప్పుడు, నర్సు శిక్షణకు ముందుకు వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబాల, అందులోను దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. పరువుగల ఇళ్ళని చెప్పుకునే ఇళ్ళు తమ ఆడపిల్లలను ఆ పనికి పంపలేదు. అంటరాని పనిగా చూసినదానికి సమాజం తర్వాత రెండు పేర్లు పెట్టింది. ఒకటి 'సేవ', రెండోది 'సిస్టర్'. రెండూ గౌరవంగానే వినిపిస్తాయి. కాని సేవకు వేతనం అడగడం, చెల్లెలు పదోన్నతి అడగడం మన సంస్కృతిలో అమర్యాద.

పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లలికి అలికి తన పేరు తానే మరచిపోతుంది. ఆ కథను స్త్రీవాద సాహిత్యంలో మేలిరత్నంగా మనం పాఠాలు చెబుతున్నాం. వార్డులో నర్సు పేరు మరచిపోదు, ఆమె జేబుమీద పేరు రాసి ఉంటుంది. చదివేవాళ్ళే ఉండరు. రోగికి సిస్టరు, రోగి బంధువుకు సిస్టరమ్మ, డాక్టరుకు సిస్టర్. చేరిన రోజూ అంతే, రిటైరయ్యే రోజూ అంతే. పిలుపులో మార్పు లేనిచోట ఎదుగుదల లేదన్న సంగతి ఆ పిలుపులోనే ఉంది.

పేరు మార్చడం మాత్రం జరిగింది. కేంద్ర ప్రభుత్వాసుపత్రుల్లో 2016లో స్టాఫ్ నర్సును 'నర్సింగ్ ఆఫీసర్' అన్నారు. ఆ మాట తర్వాత మన రాష్ట్రాలకూ వచ్చింది. నర్సుల సంఘాలు కోరి సాధించుకున్న మాట అది, దాన్ని ఎద్దేవా చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి పద్నాలుగేళ్ళుగా ప్రభుత్వ నర్సు. "ఆఫీసరైనందుకు స్వీట్లు పంచుకున్నాం మాస్టారూ. మర్నాడు నైట్ డ్యూటీలో అవే నలభై మంచాలు, మేం ఇద్దరమే" అన్నది. నేను చదివిన చాలా కథల్లో కంటె ఆ రెండు వాక్యాల్లో సామాజిక వాస్తవికత ఎక్కువ ఉంది.

దేవత అన్న పొగడ్త గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెప్పగానే మన పాఠ్యపుస్తకాలకు దీపం గుర్తుకొస్తుంది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటె ఆసుపత్రుల మురికివల్ల, అంటురోగాలవల్ల ఎక్కువగా చచ్చిపోతున్నారని 1858లో అంకెలతో, చిత్రపటాలతో రుజువు చేసి ప్రభుత్వాన్ని నిలదీసిన నైటింగేల్ గుర్తుకు రాదు. లండన్ గణాంక శాస్త్ర సంఘంలో ఆమె తొలి మహిళా సభ్యురాలు. చేతిలో అంకెలున్న స్త్రీని చేతిలో దీపమున్న స్త్రీగా మార్చుకున్నాక ఆమెను పూజించడం సులువయింది. నైటింగేల్ ద్విశతజయంతి సంవత్సరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల సంవత్సరంగా ప్రకటించింది. అదే సంవత్సరం కరోనా వచ్చింది. మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టింది. మే 3న ఆసుపత్రులమీద హెలికాప్టర్లనుంచి పూలు కురిశాయి. మన కవులూ పూలు చల్లారు. ఆ రోజుల్లో పత్రికలకు వచ్చిన కవితల్లో తెల్లని రెక్కలు, తల్లి చేతులు, వెలిగే దీపాలు కొల్లలు. డ్యూటీ చార్టు గాని, కాంట్రాక్టు కాగితం గాని కనిపించిన కవిత నా కళ్ళబడలేదు. దేవతకు ప్రమోషను అక్కరలేదు. ఆమె అప్పటికే అందరికంటె పైన ఉంది కదా!

5

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఒక జిల్లా సభలో ఈ విషయం మాట్లాడినప్పుడు ఒక కథకమిత్రుడు నిజాయితీగానే అడిగాడు: "మాస్టారూ, ఏమీ జరగకపోవడం మీద కథ ఎలా రాస్తాం? కథకు సంఘటన కావాలి కదా?"

ఇది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు. మన కథ సంఘటన చుట్టూ పెరిగింది. సమ్మె, లాఠీచార్జి, ఆకలిచావు, ఆత్మహత్య - అభ్యుదయ కథకు కూడా ఏదో ఒకటి బద్దలు కావాలి. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉన్న జీవితంలో ఏదీ బద్దలు కాదు. అందుకే ఆ జీవితం మన శిల్పానికి చిక్కలేదు. అయితే శిల్పానికి చిక్కని వస్తువును వదిలెయ్యడమా, వస్తువుకు తగిన శిల్పాన్ని వెతకడమా అన్నది రచయిత తేల్చుకోవాలి. ఈ వెతుకులాటలో దారి చూపే రచనలు మనకు లేకపోలేదు.

గొగోల్ 'ఓవర్‌కోటు' 1842లో అచ్చయింది. అందులో అకాకి అకాకియెవిచ్ జీవితమంతా కాగితాలకు నకళ్ళు రాస్తాడు. అధికారులు మారుతారు, అతని కుర్చీ మారదు. ఒక పై అధికారి దయతలచి కొంచెం పైస్థాయి పని ఇప్పిస్తాడు. కాగితంలో శీర్షిక మార్చి కొన్ని క్రియలు సవరించడం, అంతే. అకాకికి చెమటలు పోస్తాయి. నాకు నకలు పనే ఇప్పించండి అంటాడు. ఆ తర్వాత అతన్ని అక్కడే వదిలేస్తారు. కోటు దొంగతనం కంటె ఈ చిన్న ఘట్టం భయంకరమైనదని నాకనిపిస్తుంది. స్తబ్ధత ఉద్యోగంలోంచి మనిషిలోకి దిగిపోయిన క్షణం అది. దాన్ని పట్టుకోవడానికి గొగోల్‌కు పెద్ద సంఘటన అవసరం కాలేదు.

మన భాషలోనే కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఉంది. ఆ కథ చివరి హింసను గురించి విమర్శకులు వాదించుకున్నంతగా ఆ కథలోని కాలాన్ని గురించి వాదించుకోలేదు. ఒక అప్పు ఏళ్ళ తరబడి ఎలా పెరిగింది, ఊరి 'అభివృద్ధి' దాన్ని ఎలా పెంచింది, అప్పల్రాముడి కుటుంబం అంగుళం అంగుళంగా ఎలా కిందికి జారింది - కథలో ఎక్కువభాగం ఈ లెక్కే. పాఠకుడు ఆ లెక్కను విసుగు లేకుండా వింటాడు, ఎందుకంటే ప్రతి అంకె వెనకా ఒక మనిషి ఓడిపోవడం కనిపిస్తుంది. పేరుకున్న కాలం కూడా కథావస్తువు కాగలదని, దాన్ని చెప్పడానికి ఖాతాపుస్తకం కూడా పనికొస్తుందని కారా మాస్టారు రుజువు చేశారు. నర్సు సర్వీసు రిజిస్టరు అలాంటి ఖాతాపుస్తకమే.

పొరుగున ఈ పని మొదలయింది. పాయల్ కపాడియా తీసిన, 2024లో కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రీ పొందిన 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' చిత్రంలో ముంబైలో ఒకే గదిలో ఉండే ఇద్దరు మలయాళీ నర్సులున్నారు. ప్రభ పెద్దది, అను చిన్నది. ఆ చిత్రం పదోన్నతుల గురించి కాదు. కాని పక్కపక్కనే పడుకున్న ఆ ఇద్దరినీ చూస్తుంటే, ఒకే ఉద్యోగంలో కొన్నేళ్ళు గడిస్తే మనిషి ఏమవుతుందో మాట చెప్పకుండానే తెలుస్తుంది. నర్సుకు కాలాన్ని ఇవ్వడమంటే నా అభిప్రాయం ఇదే.

6

ఇక సాహిత్య పరిభాషలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఒకటుంది. విమర్శలో మనం 'పాత్ర వికాసం' అన్న మాట వాడతాం. పాత్ర కథ మొదట్లో ఉన్నట్టే చివర్లోనూ ఉంటే అది లోపమని విద్యార్థులకు చెబుతాం. నర్సు జీవితం ఆగిపోయింది కనుక ఆమె పాత్ర కూడా ఆగిపోయినట్టు ఉండడం వాస్తవికతే కదా అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదం తప్పు. ఆగిపోయిన జీవితాన్ని చిత్రించడం వేరు, పాత్రను ఆపెయ్యడం వేరు. ఆగిపోయినది పోస్టు, మనిషి కాదు.

ఇరవయ్యేళ్ళు వార్డులో పనిచేసిన నర్సు మొదటి రోజు నర్సు కాదు. నరం దొరకని పసిబిడ్డ చేతిలో సూది ఎక్కడ దిగుతుందో ఆమె వేలికి తెలుసు. కేసు షీటులో అంకెలన్నీ బాగానే ఉన్నా, రోగి దుప్పటి లాక్కునే తీరు చూసి రాత్రి గడవదని ఆమె పసిగడుతుంది. అమెరికన్ నర్సు పట్రీషియా బెన్నర్ 1984లో రాసిన పుస్తకంలో నర్సు నైపుణ్యం కొత్తచేతి నుంచి నిపుణత దాకా అయిదు దశల్లో పెరుగుతుందని చూపించింది. మన ఆసుపత్రి నిచ్చెనమీద ఈ అయిదు దశలకూ కలిపి ఒకటే మెట్టు, స్టాఫ్ నర్సు. పై మెట్టు ఎక్కిన కొద్దిమంది కూడా ఈ విద్యకు గుర్తింపుగా ఎక్కరు, దీన్ని వదులుకుని ఎక్కుతారు. హెడ్ నర్సయితే దుప్పట్ల లెక్క, మందుల ఇండెంటు, డ్యూటీ చార్టు. మంచం పక్కన నేర్చుకున్న విద్యకు మంచం పక్కన ఎదుగుదల లేదు. నర్సుల జీవితంలోని ప్రధాన వైరుధ్యం ఇది. ఎదిగిన మనిషి ఎదగని పోస్టులో నిలబడి ఉండడం. మన కథలు పోస్టును చూసి మనిషిని కూడా అలాగే రాశాయి. అంటే ఆసుపత్రి యాజమాన్యం చూసిన చూపే మన రచయితలూ చూశారన్నమాట.

నేను పైన చెప్పిన పూర్వ విద్యార్థినే ఇంకో సంగతి చెప్పింది. ఆమె వార్డులో ఒకావిడకు ఇరవై మూడేళ్ళ సర్వీసు తర్వాత హెడ్ నర్సుగా ప్రమోషను వచ్చింది, కాని వేరే జిల్లాకు. భర్త ఉద్యోగం ఇక్కడ, మంచాన పడ్డ అత్తగారు ఇక్కడ, ఇంటర్ చదివే కొడుకు ఇక్కడ. ఆవిడ ప్రమోషను వద్దని రాసిచ్చింది. "సంతకం పెట్టి వచ్చి, అయిపోయిన సెలైన్ బాటిల్ మార్చారు మాస్టారూ. మాతో ఏమీ అనలేదు."

అకాకి కథకూ ఈమె కథకూ తేడా చూడండి. అతడు పై పని చెయ్యలేక వద్దన్నాడు. ఈమె చెయ్యగలిగి వద్దన్నది. అతన్ని ఆపినది ఆఫీసు. ఈమెను ఆఫీసూ, ఇల్లూ కలిసి ఆపాయి. రికార్డులో మాత్రం ఆమె తన ఇష్టంతో వదులుకున్నట్టు ఉంటుంది. వ్యవస్థ తన నేరాన్ని బాధితురాలి చేత సంతకం పెట్టించి ఆమె ఫైల్లోనే దాచుకుంటుంది. ఇందులో సంఘటన లేదని నా కథకమిత్రుడు ఇప్పుడు కూడా అంటాడా?

7

ఇటువంటి కథలు వస్తే నర్సులకు ప్రమోషన్లు వస్తాయా అని అడిగేవాళ్ళుంటారు. కథ జీవో తీసుకురాదు. జీవో కోసం నర్సుల సంఘాలు ధర్నాచౌకుల్లో కూర్చుంటూనే ఉన్నాయి, కూర్చుంటాయి. సాహిత్యం చెయ్యగలిగిన పని వేరు. వదులుకున్నానని సంతకం పెట్టిన మనిషికి, నువ్వు వదులుకోలేదు, నీ దగ్గరనుంచి తీసుకున్నారు అని చెప్పగలగడం. రోగిగా వెళ్ళిన మధ్యతరగతి పాఠకుడికి, నువ్వు సిస్టర్ అని పిలిచిన మనిషికి ఇరవయ్యేళ్ళ విద్య ఉందని తెలియజెయ్యగలగడం. గుమాస్తా విషయంలో తెలుగు కథ ఈ పని చేసింది. గుమాస్తా తన బాధను ఖర్మ అనుకోవడం మానడంలో ఆ కథలకూ పాత్ర ఉంది.

ఈ కథలు మనలాంటివాళ్ళమే రాస్తే చాలదు. ప్రతి నర్సూ ప్రతి డ్యూటీలోనూ రాస్తూనే ఉంటుంది. ఏ గంటకు జ్వరం ఎంత, ఏ గంటకు ఏ మందు, ఏ గంటకు రోగి ఏమన్నాడు. క్లుప్తత, కచ్చితత్వం, పరిశీలన - మనం కథా శిబిరాల్లో కొత్తవాళ్ళకు నూరిపోసే లక్షణాలు ఆ నోట్సులో సహజంగా ఉన్నాయి. లేనిదల్లా 'నేను' అన్న మాట.

అందుకని మన జిల్లా శాఖలకు నాది ఒక ప్రతిపాదన. ఏటా మే 12న నర్సుల దినోత్సవానికి వెళ్ళి శాలువా కప్పి, దీపం వెలిగించి రావడం చాలిద్దాం. దానికి బదులు ప్రతి జిల్లా కేంద్రంలోనూ నర్సుల కోసం ఒక కథా శిబిరం పెడదాం. ఉదయం డ్యూటీవాళ్ళకు సాయంత్రం, రాత్రి డ్యూటీవాళ్ళకు వాళ్ళు నిద్రలేచాక. ఉపన్యాసాలు తగ్గించి వాళ్ళను మాట్లాడనిద్దాం. చేరిన తేదీ నుంచి ఈనాటివరకు తమ సర్వీసును రెండు పేజీల్లో రాయమందాం. వచ్చినవాటిలో బాగున్నవాటిని ఈ పత్రికలో దిద్దుబాట్లు ఎక్కువ చెయ్యకుండా అచ్చు వేద్దాం. మొదటి శిబిరం మా ఊళ్ళో జరపడానికి మా శాఖ సిద్ధంగా ఉంది.